80 దాటితే స్టీరింగ్ వణుకు, 50 నుంచే హోరు: పాత స్విఫ్ట్‌లో తప్పు ఎక్కడో పట్టుకోవడం ఎలా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2012 స్విఫ్ట్ పెట్రోల్, లక్షా ముప్ఫై వేల కిలోమీటర్లు దాటింది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు 80, 90 మధ్య స్టీరింగ్ వణుకుతోంది, 100 దాటితే కాస్త తగ్గుతోంది. దానికి తోడు 50 నుంచే కింద హోరుమని శబ్దం. రెండుసార్లు అలైన్‌మెంట్, ఒకసారి బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం) చేయించినా ఏ మార్పూ లేదు. ఇప్పుడు మెకానిక్ రెండు లోయర్ ఆర్మ్‌లు (ముందు చక్రాలను కింది నుంచి బండికి పట్టి ఉంచే ఇనుప చేతులు), నాలుగు షాకబ్జార్బర్లు మార్చేద్దాం అంటున్నాడు. మార్చాలా, వద్దా?

ఇప్పుడే మార్చొద్దండి. మీరు రాసిన లక్షణాల్లో షాకబ్జార్బర్లు పోయాయని చెప్పేది ఒక్కటీ లేదు. పైగా నాకు ఇందులో రెండు వేర్వేరు తప్పులు కనిపిస్తున్నాయి. వణుకు ఒకటి, హోరు ఇంకొకటి. పదేళ్లు దాటిన బండ్లలో ఇవి రెండూ ఒకేసారి ఉండటం మామూలే. మనం రెండూ ఒకటే అనుకుని వెతుకుతాం. ఒకటి సరిచేసినా రెండోది మిగిలే ఉంటుంది కాబట్టి, చేసిన పని వృథా అయిందనుకుని ఇంకో పార్టు మారుస్తాం. డబ్బు పోయేది అక్కడే. అందుకే రెండింటినీ విడదీసి చెబుతాను.

ముందు వణుకు. మీ బండికి ఉన్నది 165/80 ఆర్ 14 టైరు అయితే, అది ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు 1.9 మీటర్లు ముందుకు పోతుంది. ఆ లెక్కన గంటకు 80 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు పదకొండున్నర సార్లు, 90లో దాదాపు 13 సార్లు తిరుగుతుంది. గుర్తు పెట్టుకోవడానికి సులువుగా వేగాన్ని 7తో భాగించండి, చాలు. ఇక స్ప్రింగుకి, రోడ్డుకి మధ్య ఉండే చక్రం, హబ్బు (చక్రాన్ని బిగించే మధ్య ముక్క), బ్రేకు, వీటన్నిటి బరువుకీ సహజంగా ఒక ఊపు ఉంటుంది. చాలా కార్లలో అది సెకనుకు 10 నుంచి 15 సార్ల మధ్య. చక్రం తిరిగే వేగం ఆ ఊపుతో కలిసినప్పుడు చిన్న తేడా కూడా పెద్దదై స్టీరింగులోకి వచ్చేస్తుంది. వేగం ఇంకా పెరిగితే రెండూ విడిపోతాయి, వణుకు తగ్గినట్టు అనిపిస్తుంది. 100 దాటితే తగ్గుతోందని మీరు రాశారు చూడండి, నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. తిరిగే వస్తువులో బరువు తేడా గానీ, గుండ్రంలో తేడా గానీ ఉందనడానికి అది గట్టి గుర్తు.

బరువు తేడా అంటే ఎంతో ఉండక్కర్లేదు. 14 అంగుళాల రిమ్ము అంచున 30 గ్రాములు తేడా ఉందనుకోండి. 90 వేగంలో అది దాదాపు మూడున్నర కిలోల బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది, అదీ సెకనుకు 13 సార్లు దిశ మారుస్తూ. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. ఊళ్లో 40లో తిరిగేటప్పుడు బండి హాయిగా ఉండి, హైవే ఎక్కగానే వణకడానికి కారణం ఇదే.

ఇక అలైన్‌మెంట్. అది చక్రాలు ఏ కోణంలో నిలబడాలో చూసే పని. తప్పుగా ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగు వంకరగా నిలబడుతుంది, టైర్లు ఒక అంచున అరుగుతాయి. వణుకు మాత్రం దానంతట అది రాదు. వణుకుతోందని చెప్పగానే అలైన్‌మెంట్ మిషన్ ఎక్కించే షాపు వాళ్లు మీ సమస్య వినలేదన్నమాట. మూడోసారి మాత్రం చేయించకండి.

వణుకు ఎక్కడ తెలుస్తోందో కూడా చూడండి. చేతుల్లో, స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాలు. సీటులో, నేలలో, వెనక కూర్చున్నవాళ్లకు ఎక్కువగా తెలిస్తే వెనక చక్రాలు. మీకు స్టీరింగులోనే అంటున్నారు కాబట్టి ముందు చక్రాల మీదే అనుమానం. అయినా ఒకసారి ఖాళీ రోడ్డు మీద పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఈ మూడూ చేసి చూడండి. వణుకు మొదలయ్యాక యాక్సిలరేటర్ వదిలి క్లచ్ తొక్కండి. ఇంజన్ ఐడిలింగ్‌కు దిగినా వణుకు అలాగే ఉంటే ఇంజన్, మౌంటింగ్‌ల మీద అనుమానం అక్కర్లేదు. తర్వాత అదే వేగంలో మెల్లగా బ్రేకు తొక్కండి. వణుకు ఒక్కసారిగా పెరిగితే డిస్కుల సంగతి చూడాలి. చివరగా 60 నుంచి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కండి. తొక్కినప్పుడే బండి ముందు భాగం అటూ ఇటూ ఊగి, కాలు తీయగానే ఆగిపోతే యాక్సిల్ (ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ) లోపలి జాయింటు అరిగిందని అర్థం. ఇంజన్ ఆఫ్ చేసి చూద్దాం అని మాత్రం ఎప్పుడూ అనుకోవద్దు. స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకుకు బూస్టర్ సాయం పోతుంది, తాళం తిప్పితే స్టీరింగు లాక్ కూడా పడొచ్చు.

పై మూడింటిలో ఏదీ మార్పు తేకపోతే, నా అంచనా అదే, నేరుగా చక్రం మీదికి వెళ్లండి. బ్యాలెన్సింగ్ ఒకసారి చేయించారు కదా అని దాన్ని కొట్టిపారేయకండి. చేయించడం వేరు, సరిగ్గా జరగడం వేరు. షాపుకు వెళ్లే ముందు రిమ్ము లోపలి వైపు చూడండి. నల్లరేగడి దారుల్లో తిరిగే బండ్లకు వానాకాలంలో రిమ్ము లోపల మట్టి పట్టి, ఎండాక పెచ్చులా గట్టిపడిపోతుంది. అరచేతిలో పట్టేంత పెచ్చు చాలు, స్టీరింగు వణకడానికి. పాత సీసం బరువులు ఊడిపోయిన గుర్తులు ఉన్నాయేమో కూడా అక్కడే తెలుస్తుంది. మట్టి మీదే బ్యాలెన్స్ చేసేసి, నాలుగు రోజులకు ఆ మట్టి రాలిపోతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి కడిగించి, ఆరబెట్టాకే మిషన్ ఎక్కించండి.

మిషన్ దగ్గర మీరు పక్కనే నిలబడండి. సున్నా వచ్చాక ఆ కుర్రాణ్ని ఒక మాట అడగండి: చక్రం వదులు చేసి, సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి ఇంకోసారి తిప్పమనండి. మళ్లీ సున్నా లేదా ఐదు గ్రాముల లోపు వస్తే ఆ పని నమ్మొచ్చు. ఇరవై, ముప్ఫై చూపిస్తే చక్రం మిషన్ మీద నడిమధ్యన కూర్చోలేదన్నమాట. చక్రాన్ని మిషన్ నడిమధ్యన పట్టి ఉంచే కోన్ అరిగి ఉండొచ్చు, రిమ్ము మధ్య రంధ్రంలో తుప్పు ఉండొచ్చు. చాలా షాపుల్లో తప్పు జరిగేది ఇక్కడే, ఎవరూ చూడరు.

మిషన్ తిరిగేటప్పుడు అంకెలు చూడకుండా చక్రాన్ని చూడండి. కళ్లు రిమ్ము అంచు ఎత్తుకు దించి, పక్కనుంచి చూస్తే, మంచి రిమ్ము అంచు కదలకుండా ఒకే గీతలా కనిపిస్తుంది. వంగిన రిమ్ము అంచు లోపలికీ బయటికీ ఊగుతూ కనిపిస్తుంది. తర్వాత టైరు పై భాగం చూడండి. రిమ్ము నిలకడగా ఉండి, టైరు మాత్రం ఒక చోట పైకి లేచి దిగుతుంటే టైరు లోపలి తీగల పొర విడిపోతోందని అర్థం. ఒక సుద్దముక్కను స్టాండు మీద ఆనించి టైరుకు తగలీ తగలనట్టు పట్టుకుంటే, లేచిన చోట మాత్రమే గీత పడుతుంది. ఆ గీత జానెడు పొడుగుంటే బరువులు ఎన్ని అంటించినా లాభం లేదు, ఎందుకంటే అక్కడ తేడా బరువులో కాదు, ఆకారంలో ఉంది. మిషన్ సున్నా చూపిస్తుంది, రోడ్డెక్కితే వణుకుతూనే ఉంటుంది. బ్యాలెన్సింగ్ చేసినా మార్పు లేదని మీరు చెప్పిన దానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

టైరు వయసు కూడా చూడండి. టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. మన ఎండల్లో ఆరేళ్లు దాటిన టైరు బటన్లు ఎంత ఉన్నా నేను హైవే మీదికి పంపను. రబ్బరు గట్టిపడి పక్క గోడల్లో సన్నటి చీలికలు వస్తాయి. గుంతలో గట్టిగా పడిన టైరుకు పక్క గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు వస్తే ఆ రోజే తీసేయాలి. 20, 30 వేగంలోనే స్టీరింగు మెల్లగా కుడికీ ఎడమకీ ఊగుతుంటే కూడా అదే అనుమానం, అది పేలిపోయే టైరు.

ఇంకో సులువైన పరీక్ష ఉంది, ఖర్చు దాదాపు లేనట్టే. పంక్చర్ షాపులో ముందు రెండు చక్రాలూ వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. మళ్లీ అదే రోడ్డు మీద అదే వేగంలో నడపండి. వణుకు స్టీరింగులోంచి సీటులోకి పోతే తప్పు ఆ రెండు చక్రాల్లోనే ఉంది. ఏమీ మారకపోతే తప్పు బండి వైపు, అంటే హబ్బు, డిస్కు, యాక్సిల్ వైపు ఉంది. ఏ పార్టూ కొనకుండా సగం అనుమానాలు దీంతోనే పోతాయి. చక్రాలు విప్పినప్పుడు హబ్బు ముఖం మీద, డిస్కు ముఖం మీద తుప్పు పొక్కులు ఉంటే వైరు బ్రష్‌తో గీయించండి. ఆ తుప్పు మీద రిమ్ము సమంగా ఆనదు. బిగించేటప్పుడు నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఈ బండికి 85 న్యూటన్ మీటర్ల బిగింపు (టార్క్) సరిపోతుంది. గాలి గన్నుతో ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోతే రిమ్ము వంకరగా కూర్చుంటుంది.

మీ బండికి బయట కొన్న అల్లాయ్ వీల్స్ ఉన్నాయా? ఆ విషయం రాయలేదు. ఉంటే ఇది తప్పక చూడాలి. ఈ స్విఫ్ట్ హబ్బు మధ్య భాగం 54.1 మి.మీ. బయట అమ్మే అల్లాయ్‌లలో మధ్య రంధ్రం చాలా కార్లకు పట్టేలా పెద్దదిగా ఉంటుంది. ఆ ఖాళీని నింపే రింగు వేయకపోతే చక్రం బరువంతా నట్ల మీదే పడి, ప్రతిసారి బిగించినప్పుడు కొంచెం పక్కకు కూర్చుంటుంది. మిషన్ మీద బాగుండి, బండి మీద వణికే చక్రాల్లో ఇలాంటివి చాలా చూశాను. రింగు ధర అతి తక్కువ.

ఇప్పుడు హోరు. 50 నుంచి మొదలై వేగంతో పాటు పెరిగే హోరుకు రెండే ప్రధాన కారణాలు: టైరు అరుగుదల, లేదా వీల్ బేరింగు (హబ్బు తేలిగ్గా తిరిగేలా చేసే గుండ్ల వలయం). ఈ రెండూ వినడానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఎంత అనుభవం ఉన్న చెవి అయినా కారులో కూర్చుని పొరబడొచ్చు, అందుకే చెవి మీద ఆధారపడకుండా పరీక్ష చేయాలి.

టైరు హోరు రోడ్డును బట్టి మారుతుంది. గరుకు సిమెంటు రోడ్డు మీద ఒకలా, కొత్తగా వేసిన నున్నటి తారు మీద ఇంకోలా వినిపిస్తుంది. బేరింగు హోరు రోడ్డు ఎలా ఉన్నా అలాగే ఉంటుంది. బండి ఆపి, టైరు బటన్ల మీద అరచేతితో లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి నిమరండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపం పళ్లలా గుచ్చుకుంటే ఆ అరుగుదలే శబ్దం చేస్తోంది. అలైన్‌మెంట్ చాలాకాలంగా తప్పుగా ఉండి టైరు అలా అరిగితే, ఇప్పుడు అలైన్‌మెంట్ సరిచేసినా ఆ టైరు హోరు పోదు. మీ విషయంలో ఇది జరిగి ఉండొచ్చు. ముందువి వెనక్కి మార్చినప్పుడు హోరు కూడా వెనక్కి పోయిందేమో గమనించండి, అదే సాక్ష్యం.

బేరింగుకైతే మలుపు పరీక్ష. ఖాళీ రోడ్డు మీద 60లో పోతూ స్టీరింగును మెల్లగా ఎడమకు, తర్వాత కుడికి ఊపండి, లేన్ మారినంత మాత్రమే. ఎడమకు తిరిగినప్పుడు బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే చాలా వరకు కుడి వైపు బేరింగు. కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమ వైపు. ఏ వైపు తిప్పినా మారకపోతే మళ్లీ టైరు మీదకే రండి.

తర్వాత జాకీ వేయండి. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు పెట్టి, బండి కింద దూరకుండా చేయాల్సిన పని ఇది. గేరు న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పండి. అది తిరుగుతుండగా ఇంకో చేతి వేళ్లను కాయిల్ స్ప్రింగు మీద తేలిగ్గా ఆనించండి. మంచి బేరింగు అయితే వేళ్లకు ఏమీ తెలియదు. దెబ్బతిన్నదైతే ఇసుక నలిగినట్టు సన్నటి గరగర స్ప్రింగులోంచి వేళ్లకు తెలుస్తుంది, చెవికి ఏమీ వినపడకపోయినా సరే. రెండో వైపు చక్రం కూడా తిప్పి పోల్చి చూడండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది. వెనక చక్రాలు చూసేటప్పుడు హ్యాండ్ బ్రేకు వదలాలి, కాబట్టి ముందు చక్రాలకు అడ్డం తప్పనిసరి.

అలాగే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (వదులుగా కదలడం) ఉంటే ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే బేరింగు. అయినా పోకపోతే లోయర్ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింటు. కుడి ఎడమలు పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆట ఉంటే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండు గానీ, రాక్ ఎండు గానీ అరిగింది. చాలా బేరింగులు ఆట రాకముందే హోరు మొదలుపెడతాయి. చక్రం ఊగడం లేదు కాబట్టి బేరింగు బాగుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

బండి ఎప్పుడైనా హబ్బుల దాకా నీళ్లలో నిలిచిందా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో, మున్నేరు పొంగి ఖమ్మంలో ఎన్నో బండ్లు నీళ్లలో ఉండిపోయాయి. అలాంటి బండ్లకు సీలు దాటి నీళ్లు లోపలికి పోతే గ్రీజు పాడై, హోరు వెంటనే కాకుండా వారాల తర్వాత, నెలల తర్వాత మొదలవుతుంది. పెద్ద గుంతలో పడిన దెబ్బ కూడా అంతే, బేరింగు లోపలి దారిలో గుండ్లు నొక్కుకుని గుంటలు పడతాయి, అవి మెల్లగా పెరుగుతాయి.

బేరింగు మార్చాల్సి వస్తే ఒక్క విషయంలో పట్టుబట్టండి. ముందు బేరింగును ప్రెస్సు మీదే దించాలి, ప్రెస్సు మీదే ఎక్కించాలి. సుత్తితో కొట్టి ఎక్కించిన కొత్త బేరింగు మొదటి రోజే దెబ్బతిని, కొన్ని వేల కిలోమీటర్లకే మళ్లీ హోరు మొదలుపెడుతుంది. ప్రెస్సు లేని షాపు అయితే హబ్బు విప్పించి, ప్రెస్సు ఉన్న లేత్ షాపుకు పంపించండి. హబ్బు నట్టు కొత్తది వేసి టార్క్ రెంచితో బిగించాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా కార్లలో బేరింగు ఒక పక్క సీలులోనే అయస్కాంత వలయం ఉంటుంది, అది తిరగేసి వేస్తే డాష్‌బోర్డులో ఏబీఎస్ దీపం వెలుగుతుంది.

మిగతా శబ్దాలు క్లుప్తంగా. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు టక్ టక్ టక్ మంటే యాక్సిల్ బయటి జాయింటు, రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూడండి. స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రమే కటకట అంటే లింక్ రాడ్లు, బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు). రేకు గీసినట్టు సన్నటి శబ్దం ఆగకుండా వస్తే డిస్కుకీ వెనక రేకుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉండొచ్చు, స్క్రూడ్రైవరుతో రేకు కొంచెం వెనక్కి వంచితే రాయి పడిపోతుంది. ప్రయాణం తర్వాత ఒక్క చక్రం దగ్గరే కాలిన వాసన, వేడి ఉంటే బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయి. చేత్తో ముట్టుకోకుండా రిమ్ము మీద రెండు చుక్కల నీళ్లు చల్లండి, చర్రుమంటే విషయం తేలిపోయినట్టే.

లోయర్ ఆర్మ్‌ల సంగతికొస్తే, లక్షా ముప్ఫై వేలు తిరిగిన బండిలో బుష్‌లు పగిలి ఉండటంలో ఆశ్చర్యం లేదు. పగిలిన బుష్ వణుకును పుట్టించదు, ఉన్న వణుకును ఎక్కువ చేసి చూపిస్తుంది. కాబట్టి మెకానిక్ చెప్పింది పూర్తిగా తప్పు అనను, ముందు చేయాల్సింది అది కాదు. బండి ఎత్తినప్పుడు బుష్ దగ్గర పెద్ద స్క్రూడ్రైవరు పెట్టి కదిపి చూపించమనండి. రబ్బరు చీలిక కళ్లకు కనిపిస్తే మార్చండి, కనిపించకపోతే వద్దు. షాకబ్జార్బర్లకైతే నూనె కారిన తడి చూడండి, బానెట్ మూలను గట్టిగా నొక్కి వదలండి. పైకి లేచి ఒక్కసారి ఊగి ఆగితే పనిచేస్తున్నట్టే.

మీరు చేయాల్సిన వరుస నా లెక్కలో ఇది. రిమ్ములు కడగడం, గాలి సరిచూడడం, ముందు వెనక మార్చడం, తర్వాత పక్కన నిలబడి బ్యాలెన్సింగ్, తర్వాత మలుపు పరీక్ష, స్ప్రింగు పరీక్ష. వీటిలో ఒక్కొక్కటీ చేశాక అదే రోడ్డు మీద నడిపి, ఏమైనా మారిందా అని చూసుకుని రెండోదానికి పొండి. రెండు పనులు ఒకేరోజు చేయిస్తే ఏది పనిచేసిందో మీకు తెలియదు.

ఈలోగా టైరుకు ఉబ్బు కనిపించినా, చక్రం చేత్తో ఊగినా, హోరు గరగరగా మారినా హైదరాబాద్ ప్రయాణం ఆపేయండి, ఊళ్లో కూడా మెకానిక్ దగ్గరి దాకా మెల్లగా మాత్రమే. చక్రాలు ఎప్పుడు విప్పి బిగించినా 50, 100 కిలోమీటర్ల తర్వాత బండి ఆపి వీల్ పానాతో నట్లు మళ్లీ ఒకసారి చూసుకోండి. కొత్తగా తుప్పు గీసిన ముఖాల మీద అవి కొంచెం వదులవుతాయి. ముందు వెనక మార్చాక వణుకు ఎటు పోయిందో, ఏ వైపు తిప్పితే హోరు పెరిగిందో, టైర్ల మీద ఆ నాలుగు అంకెలు ఏమున్నాయో రాయండి. ఆ మూడూ తెలిస్తే ఏ పార్టు కొనాలో కచ్చితంగా చెప్పగలను.